మిగిల్చిన ఒక్క లాగిన్

“అప్‌డేట్ తినేసింది ఆపా. సేవ్ చేసి పెట్టిన లాగిన్లన్నీ పోయినయి,” అన్నాడు ఖదీర్.

నుజహత్ తన వెంట వచ్చిన హన్మమ్మను గోడవార బెంచీ మీద కూర్చోబెట్టి, చేతికి నీళ్ళ సీసా ఇచ్చి, తర్వాత కంప్యూటర్ ముందున్న కుర్చీని తన వైపు లాక్కుంది. మామూలుగా అయితే ఆమె, అక్క వరసతో ఆపా అని పిలిచే ఖదీర్ ఉర్దూలోనే మాట్లాడుకుంటారు. ఈ పూట మాత్రం ప్రతి మాటా హన్మమ్మ చెవిన పడాలని తెలుగులోనే అడగదలచుకుంది. పోయిన లాగిన్లు హన్మమ్మ కూతురివి.

కూతురి పేరు రోజ. నారాయణఖేడ్ బస్ డిపో ఎదురుగా ఖదీర్ నడిపే ఈ ఆన్‌లైన్ సెంటర్లో మూడేళ్ళుగా పని చేస్తోంది. ఊరు మనూర్ దారిలో. పొద్దున స్కూటీ మీద వచ్చి చీకటి పడకముందే ఇల్లు చేరే పిల్ల. పోయిన ఆదివారం తెల్లవారకముందే ఇంట్లోంచి బయలుదేరింది, మళ్ళీ రాలేదు. స్కూటీ మంజీర ఒడ్డున దొరికింది. ఈతగాళ్ళు రెండు రోజులు నీళ్ళలో వెతికి వదిలేశారు. పిల్ల నీళ్ళపాలైందని ఊరంతా అనుకుంది. హన్మమ్మ ఒక్కతే అనుకోలేదు. ఏడవకుండా, ఎవరి మాటా వినకుండా, చీరకొంగు నడుముకు దోపుకుని నేరుగా నుజహత్ ఇంటికి వచ్చింది.

నుజహత్ హైదరాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఏజెన్సీలో చాలా కాలం పనిచేసి, నలభై దాటాక సొంతూరికి తిరిగి వచ్చిన మనిషి. ఇక్కడ ఆమెకు వచ్చే పనుల్లో ఎక్కువ భాగం పెళ్ళి సంబంధాల ఆరా, బీమా తగాదాలు. మనిషి జాడ తీయమని అడిగింది హన్మమ్మే మొదలు.

తల్లి చెప్పిన దానిలో రెండు సంగతులు నుజహత్ మనసులో నిలిచాయి. శనివారం రోజ ఎన్నడూ లేనంత ఆలస్యంగా ఇంటికి వచ్చింది. అన్నం ముట్టలేదు. అడిగితే, చూడరానిది చూశానని, పొద్దున చెబుతానని అన్నది. అంతే. రెండో సంగతి తల్లికి పక్కింటామె చెప్పింది. ఆ రాత్రి రోజ ఆమె ఫోన్ నుంచి నెట్ అడిగి తీసుకుందట, పెద్ద వీడియో ఒకటి తన మెయిల్లో దాచుకోవాలని. అదే శనివారం పొద్దుగూకే వేళ మనూర్ రోడ్డు మీద మేకలు తోలుకొస్తున్న బాలప్ప అనే ముసలాయనను ఏదో బండి గుద్ది వెళ్ళిపోయింది, ఆయన ప్రాణం పోయింది. ఏ బండో ఎవరికీ తెలియదు. రోజ ఇంటికి వెళ్ళే దారి అదే.

కాబట్టి ఆ మెయిల్ తెరవాలి. దాని పాస్‌వర్డ్ రోజకు తప్ప ఇంకెవరికీ తెలియదు, కానీ ఆ పిల్ల రోజూ వాడే ఈ కంప్యూటర్ బ్రౌజర్లో అది దాచి ఉంది. ఆ మాట చెప్పింది కూడా ఖదీరే. మంగళవారం హన్మమ్మకు ఫోన్ చేసి, ఆడపిల్ల మెయిల్ తానొక్కడే తెరవడం బాగుండదు, ఇంటోళ్ళు ఎవరినైనా తీసుకొని రమ్మని అన్నాడు. తీరా గురువారం వచ్చేసరికి ఈ మాట.

“అప్‌డేట్ ఎప్పుడు అయింది?” అని అడిగింది నుజహత్.

నిన్న పొద్దున దుకాణం తెరవగానే అయిందన్నాడు. కంప్యూటర్ పెట్టగానే, బ్రౌజర్ కొత్తది వచ్చింది, మూసి తెరవమని అడిగింది. సరేనని నొక్కాడు. తెరిచేసరికి రోజ మెయిల్ మళ్ళీ పాస్‌వర్డ్ అడిగింది. ఆ పిల్ల చూసే వేరే సైట్లూ అంతే. దాచినవి దానంతట అదే నింపాల్సిన చోట గడులన్నీ ఖాళీ.

అంతకు ముందు రోజు ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాడు. మంగళవారం సాయంత్రం ఎవరో పిల్లలు పరీక్ష ఫీజు కట్టడానికి వస్తే, ఆ సైట్ రోజ పేరు మీదే ఉంది కాబట్టి అందులోకే వెళ్ళి కట్టాడట. అప్పుడు ఇబ్బంది లేకుండా తెరుచుకుంది. తర్వాత కంప్యూటర్ ఆపేసి, కరెంటు మెయిన్ స్విచ్ కూడా దించి, షట్టర్ వేసి ఇంటికి పోయాడు. తాళం చెవి ఒక్కటే. అది తన జేబులోనే ఉంది.

“మెయిన్ దించినట్టు గట్టిగ యాది ఉందా?”

“రోజూ దించుత ఆపా. పోయిన ఎండకాలం ఒక మిషన్ కాలింది. అప్పటి సంది దించకుంట ఇంటికి పోను.”

ఖదీర్ ముఖంలో భయం ఉంది కానీ దాపరికం కనిపించలేదు. నుజహత్ బ్రౌజర్ తెరిచింది. ఇద్దరి పేర్లు వచ్చాయి. ఒకే బ్రౌజర్లో ఇద్దరూ వేరువేరుగా తమ తమ అరలు పెట్టుకున్నారు. ఖదీర్ అరకు మోటర్ సైకిల్ బొమ్మ, రోజ అరకు మేకపిల్ల బొమ్మ. ఆమె ముందు ఖదీర్ అర తెరిచి, దాచిన పాస్‌వర్డ్‌ల పట్టీ చూసింది. కరెంటు బిల్లు, రైలు టికెట్, బ్యాంకు, అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి.

అప్పుడే గుమ్మంలో నీడ పడింది.

“నీళ్ళల్ల వోయిన మనిషిని కంప్యూటర్ల దేవులాడుతున్నవా నుజహత్?” అంటూ శ్రీను లోపలికి వచ్చాడు.

అతను హైదరాబాద్‌లో ఆమె పాత సహోద్యోగి. ఇస్త్రీ చొక్కా, చేతిలో రెండు ఫోన్లు, పెదవి మీద ఎప్పుడూ సగం నవ్వు. ఏజెన్సీలో ఉన్నప్పుడు నుజహత్ వారాల తరబడి తిరిగి తేల్చిన ఒక కేసును తన పేరు మీద యజమానికి చూపించుకున్నవాడు. ఇప్పుడు సొంత ఆఫీసు పెట్టాడు. సోమవారం నుంచి నారాయణఖేడ్‌లోనే ఉన్నాడని ఆమె వినే ఉంది. పిలిపించింది బస్వరాజ్. చుట్టుపక్కల ప్లాట్లు చేసి అమ్మే ఆసామి, ఇంట్లో కన్నడం మాట్లాడే మనిషి, పలుకుబడి గలవాడు. అతని ప్లాట్ల వెబ్‌సైట్ చూసుకునేది కూడా రోజే. ఆ పిల్ల పోవడంతో వెబ్‌సైట్ తాళం కూడా పోయిందని, కొనడానికి వచ్చినవాళ్ళ వివరాలన్నీ అందులో ఇరుక్కున్నాయని, వాటిని బయటికి తీయాలని బస్వరాజ్ అతనికి పని అప్పజెప్పాడు.

శ్రీను ఖదీర్‌తో నేరుగా బేరానికి దిగాడు. సీపీయూ ఇస్తే హైదరాబాద్ తీసుకెళ్ళి, అక్కడ తెలిసినవాళ్ళతో పోయినవన్నీ తిరిగి రప్పిస్తానన్నాడు. కొత్త సీపీయూ ఒకటి సేఠ్ కొనిపెడతాడన్నాడు. ఖదీర్ నుజహత్ వైపు చూశాడు.

“మిషన్ ఖదీర్‌ది. లాగిన్లు రోజవి. నీదేముంది గిండ్ల?” అంది ఆమె తెర మీద నుంచి కళ్ళు తిప్పకుండా.

అతనికి కోపం రాలేదు. రావాల్సిన చోట రాకపోవడం ఆమెకు కొంచెం వింతగా అనిపించింది. అతను తాపీగా స్టూలు లాక్కుని కూర్చుని పాత సంగతులు ఎత్తాడు. అప్పటి కేసులో తాను చేసింది తప్పు కాదన్నాడు. ఏజెన్సీలో ఎవరు ఎవరి వెనక ఏమన్నారో చెప్పుకొచ్చాడు. మధ్యలో తనకూ, ఆమెకూ చాయ్ తెమ్మని ఖదీర్‌కు పురమాయించాడు. నుజహత్ చాయ్ వద్దంది, ఖదీర్‌ను కదలవద్దంది.

“సరే, పాత ముచ్చట ఇడిసిపెట్టు,” అన్నాడు శ్రీను. “అప్‌డేట్ అయింది, పాస్‌వర్డ్‌లు వోయినయి. దునియాల రోజూ అయ్యేదే. దీంట్ల పత్తేదారితనం ఏముంది?”

నుజహత్ కుర్చీ పక్కకు జరిపి, అతనికి తెర కనిపించేలా తిప్పింది.

“అప్‌డేట్ అయింది బ్రౌజర్‌కు. బ్రౌజర్ ఒక్కటే. దాండ్ల అరలు రెండు. ఖదీర్ అరల నూలు పోగంత కూడా కదలలే. రోజ అరల మాత్రం ఊడ్చినట్టు అయింది. అప్‌డేట్ మనిషిని చూసి తింటదా?”

అయితే ఖదీరే తుడిచి ఉంటాడన్నాడు శ్రీను తడుముకోకుండా. ఖదీర్ మొహం పాలిపోయింది. తన పిల్లల మీద ఒట్టేసి, తాకలేదన్నాడు. నుజహత్ చేయెత్తి అతణ్ణి ఆపింది. తుడవాలనుకున్నవాడు మంగళవారం ఫోన్ చేసి రమ్మని పిలవడు. అదీగాక రాత్రంతా ఈ కంప్యూటర్‌కు కరెంటే లేదు. సాయంత్రం ఉన్నవి పొద్దునకు లేవు. అంటే తుడిచిన చేయి ఈ గదిలో లేదు.

ఆమె రోజ అర తెరిచింది. ఆ పిల్ల ఇష్టంగా గుర్తు పెట్టుకున్న సైట్ల పేర్లు పైన వరుసగా అలాగే ఉన్నాయి. చూసిన పేజీల జాబితా కూడా ఉంది. పోయింది దాచిన పాస్‌వర్డ్‌లే. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే ఒక మూలన రోజ ఫోన్ పేరు కనిపించింది. ఆమె అనుకున్నదే. రోజ ఫోన్లో కూడా ఇదే బ్రౌజర్ ఉంది. రెండింటినీ ఒకదానికొకటి కలిపి పెట్టుకుంది. ఇక్కడ దాస్తే అక్కడ కనిపిస్తుంది, అక్కడ తీసేస్తే ఇక్కడా పోతుంది. రాత్రి ఫోన్లో ఎవరో తుడిచారు. పొద్దున ఈ కంప్యూటర్ పెట్టగానే ఆ కబురు దీనికి అందింది. సరిగ్గా అప్పుడే అప్‌డేట్ కూడా రావడంతో నేరం దాని మీద పడింది.

“ఫోన్ మంజీరల ఉంది,” అన్నాడు శ్రీను.

“మంజీరల ఉన్న ఫోన్ పాస్‌వర్డ్‌లు తుడవది.”

శ్రీను నవ్వు మొదటిసారి తగ్గింది. అయినా ఓడిపోవడం ఇష్టం లేని మనిషి. ఫోన్ ఎవరికో దొరికి ఉంటుందని, రోజకు హాని చేసినవాళ్ళ చేతిలోనే ఉండి ఉంటుందని వాదించాడు. ఆ మాట వినగానే బెంచీ మీద హన్మమ్మ నీళ్ళ సీసాను రెండు చేతులతో గట్టిగా పట్టుకోవడం నుజహత్ గమనించింది. అతని వాదనలో పస లేకపోలేదు. చంపినవాడు కూడా తుడవగలడు.

ఆమె పాస్‌వర్డ్‌ల పట్టీ తెరిచింది. ఖాళీగా ఉంటుందనుకుంది. ఒక వరుస ఉంది. ఒకే ఒక్కటి.

“ఇది చూసినవా ఖదీర్?”

చూశానన్నాడు. గ్యాస్ బుకింగ్‌ది, అది ఎందుకో పోలేదు, దానితో పని లేదు కదా అని చెప్పలేదన్నాడు.

“ఎవరి గ్యాస్?”

సమాధానం బెంచీ మీద నుంచి వచ్చింది. “నాదే బిడ్డా. నా పేరు మీదనే కనెక్షన్. నాకు ఫోన్ల చేసుడు రాదు. రోజనే గీడికెంచి బుక్ చేస్తది. సిలిండర్ అయిపోయి మూడు నాలుగు రోజులాయె. అదొస్తెనే బుక్ అయితది గదా అని కట్టెల మీదనే వండుకుంటున్న.”

 బయట డిపోలోంచి బస్సు ఒకటి వెనక్కి తిరుగుతూ కూత పెడుతోంది.

నుజహత్ లేచి వెళ్ళి హన్మమ్మ పక్కన కూర్చుంది. దొంగ అయితే, హంతకుడు అయితే, పట్టీ మొత్తం ఒక్క నొక్కుతో తుడిచేస్తాడు. ఇక్కడ అట్లా జరగలేదు. ఎవరో కూర్చుని ఒక్కొక్కటే ఏరి తీసేశారు. మెయిల్ తీశారు, బస్వరాజ్ వెబ్‌సైట్ తీశారు, పరీక్ష ఫీజుల సైట్ తీశారు. గ్యాస్ దగ్గరికి వచ్చేసరికి ఆగారు. అది తీస్తే ఈ ముసలామెకు సిలిండర్ రాదు. ఎంత భయంలో ఉన్నా ఆ సంగతి ఆలోచించగలిగిన మనిషి లోకంలో ఒక్కరే ఉంటారు.

“అవ్వా,” అంది నుజహత్ మెల్లగా, “నీ బిడ్డ బతికే ఉంది.”

హన్మమ్మ తల ఊపింది, తనకు తెలిసిన మాటే అన్నట్టు. తర్వాత కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. ఇన్ని రోజులూ ఆపుకున్నది అప్పుడు వచ్చింది. చప్పుడు లేకుండా ఏడ్చింది.

మిగతాది నుజహత్‌కు వరుసగా అర్థమవుతూ వచ్చింది. స్కూటీని ఏటి ఒడ్డున పెట్టింది రోజే. తాను చచ్చిపోయిందని ఎవరో అనుకోవాలి, అందుకే పెట్టింది. ఫోన్లో సిమ్ తీసేసి ఉంటుంది, ఎక్కడో వైఫై మీద వాడుతోంది. మంగళవారం సాయంత్రం ఖదీర్ ఆమె పేరుతో ఫీజు కట్టినప్పుడు దాని రశీదు ఆమె మెయిల్‌కు వెళ్ళింది. అది చూడగానే తన లాగిన్లన్నీ ఇక్కడ తెరిచి ఉన్న సంగతి గుర్తొచ్చింది. ఎవరైనా వచ్చి కూర్చుంటే చాలు, మెయిల్ తెరుచుకుంటుంది, ఆ వీడియో మాయమవుతుంది. అందుకే మెయిల్‌ను అన్ని చోట్లా మూసేసి, పాస్‌వర్డ్‌లు తుడిచింది. తెలివైన పని. కానీ ఒకటి మరిచిపోయింది. ఫోన్‌కూ ఈ కంప్యూటర్‌కూ మధ్య ఉన్న ముడి విప్పలేదు.

నుజహత్ తిరిగి కుర్చీలోకి వచ్చింది. రోజ ఫోన్ పేరు మీద నొక్కితే, ఆ ఫోన్లో ఇప్పుడు తెరిచి ఉన్న పేజీలు కనిపించాయి. బీదర్‌లో ఒక లేడీస్ హాస్టల్ పేజీ, దానికి దారి చూపే పటం, కర్ణాటక పోలీసులకు ఆన్‌లైన్లో ఫిర్యాదు ఎట్లా ఇవ్వాలో చెప్పే పేజీ. మూడూ ఇవాళ పొద్దుటివే.

వెనక నిలబడ్డ శ్రీను చూశాడు. దాచే వీలు లేకపోయింది. అయితే ఆ క్షణంలో ఆమె దృష్టి అతని మీద లేదు. హాస్టల్ పేజీ పేరు ఊదా రంగులో ఉంది. ఈ కంప్యూటర్లో ఇంతకు ముందే ఎవరో తెరిచి చూసిన రంగు. చూసిన పేజీల జాబితాలోకి వెళ్ళింది. నిజమే. ఇవాళ పొద్దున, తాము రాకముందు, ఈ కుర్చీలో కూర్చుని ఎవరో హాస్టల్ పేజీ తెరిచారు. పటం కూడా తెరిచారు. పక్కనే ఉన్న సమయం చూస్తే, దాదాపు గంట కావస్తోంది.

“ఖదీర్, మాకంటె ముందుగాల గీ కుర్చీల కూసున్నది ఎవరు?”

 బస్వరాజ్ సేఠ్ వచ్చాడన్నాడు ఖదీర్. వెబ్‌సైట్ సంగతి ఏమైందని అడిగితే, అన్నీ పోయాయని, చూడడానికి ఆపా వస్తోందని చెప్పాడు. ఒకసారి తాను కూడా చూస్తానని సేఠ్ కూర్చున్నాడు. అప్పుడే ఎవరో జిరాక్స్ కోసం వస్తే ఖదీర్ పక్క గదిలోకి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి సేఠ్ లేచి నిలబడి ఉన్నాడు. పర్వాలేదు, పోతే పోయాయిలే అని భుజం తట్టి వెళ్ళాడు. రెండు రోజుల నుంచి కోపంగా ఉన్న మనిషి ఇవాళ ఇంత నెమ్మదిగా మాట్లాడాడేమని ఖదీర్ అనుకున్నాడట.

నుజహత్ శ్రీను వైపు తిరిగింది.

“నీ సేఠ్ ఇప్పుడు ఏడున్నడు?”

శ్రీను తెర మీది పటాన్నే చూస్తున్నాడు. అతని ముఖంలో లెక్క మారుతున్నట్టు కనిపించింది. కాసేపటికి స్టూలు మీద కూలబడి, చేతిలోని ఫోన్లను ఒళ్ళో పెట్టుకున్నాడు.

“పొద్దుగాల ఫోన్ చేసిండు,” అన్నాడు. “నువ్వు గీడికొస్తున్నవని, నన్ను వొమ్మన్నడు. మిషన్ మీద కొట్లాట పెట్టుకొని పగటాల అన్నం తినే యాళ్ళ దాకా నిన్ను కదలనియ్యకు అన్నడు.”

“ఎందుకని అడగలేదా?”

“అడగలే.” అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. “బాలప్ప అనేటోడు సచ్చిండని విన్న. దానికీ గీ పిల్లకూ నడుమ ఏమున్నదో నాకు తెల్వదు నుజహత్. ఒట్టు. ఆయన కారు ముందల అద్దం కొత్తగ వేపించిండు. చూసిన. అది కూడ అడగలే.”

దెబ్బలాడే వ్యవధి లేదు. నుజహత్ హాస్టల్ పేజీలో ఉన్న నంబరుకు ఫోన్ చేసింది. ఎవరో మాట్లాడుతున్నట్టు వస్తోంది. మళ్ళీ చేసింది. అదే. బీదర్ పోలీసు కంట్రోల్ రూముకు చేసి, తానెవరో, ఏం జరగబోతోందో చెప్పింది. అవతలి మనిషి శ్రద్ధగానే విన్నాడు. మనిషిని పంపుతామన్నాడు. పంపడానికి కొంత సమయం పడుతుంది. బస్వరాజ్ వెళ్ళి దాదాపు గంట. కారులో బీదర్ చేరడానికి గంటకు పైనే పట్టాలి. ఇంకా దారిలోనే ఉండాలని ఆమె అంచనా వేసింది.

రోజకు సిమ్ లేదు. ఆమెకూ తమకూ మధ్య ఉన్నది ఈ ముడి ఒక్కటే. నుజహత్ దానినే పట్టుకుంది. ఈ బ్రౌజర్లో ఒక పేజీ తెరిచి, దాన్ని కలిపి ఉన్న ఫోన్‌కు పంపించవచ్చు. ఫోన్లో టింగుమని మోగి, పేజీ పేరు పైన కనిపిస్తుంది. ఆమె వెతికే గడిలో, ఇక్కడి పిల్లలు తల్లిని పిలిచే అవ్వ అన్న మాటతోనే ఒక వాక్యం రాసింది. ‘రోజా, నేను నుజహత్, మీ అవ్వ నా పక్కనే ఉంది, నువ్వున్న హాస్టల్ బస్వరాజ్‌కు తెలిసింది.’ ఆ వాక్యంతో వచ్చిన పేజీని ఫోన్‌కు పంపింది.

నలుగురూ తెర చుట్టూ చేరారు. హన్మమ్మకు చదవడం రాదు. అయినా అందరికంటే దగ్గరగా నిలబడింది.

కొంతసేపు ఏమీ జరగలేదు. తర్వాత రోజ ఫోన్ పేరు కింద ఉన్న మూడు పేజీలు నాలుగయ్యాయి. నాలుగోదాని పేరు ఇలా ఉంది: ‘నిజంగ మా అవ్వ ఉంటే నన్ను ఇంట్ల ఏమని పిలుస్తదో చెప్పుండ్రి’.

నుజహత్ చదివి వినిపించింది. హన్మమ్మ చేత్తో తెరను తాకింది, బిడ్డ బుగ్గను తాకినట్టు.

“పెసరిత్తు అంట బిడ్డా. కడుపుల కెళ్ళి పడ్డప్పుడు గంతే ఉండె. పెసరిత్తు అని రాయి.”

రాసి పంపింది. ఈసారి జవాబు వెంటనే వచ్చింది. ‘అవ్వా’ అని ఒక్క మాటే. దాని వెనకే ఇంకొకటి: ‘అవ్వను ఏడవద్దనుండ్రి. వీడియో నా దగ్గర మంచిగ ఉంది. బస్వరాజ్ సేఠే కారు నడిపిండు. బాలప్ప తాత నీళ్ళు అడిగితె దిగి చూసి వోయిండు. నన్ను కూడ చూసిండు.’

ఖదీర్ రెండు చేతులూ తల మీద పెట్టుకున్నాడు. శ్రీను గోడ వైపు తిరిగాడు.

నుజహత్ పటం మళ్ళీ చూసింది. హాస్టల్ ఉన్న రోడ్డు మీదే, నడిచి వెళ్ళే దూరంలో పోలీస్ స్టేషన్ గుర్తు ఉంది. బస్వరాజ్‌కు తెలిసిన చోట ఆ పిల్ల ఒక్క నిమిషం కూడా ఉండకూడదు. ఆమె రాసింది: ‘వెంటనే హాస్టల్ వదిలి బయటికి రా. కుడి చేతి వైపు నడిస్తె పోలీస్ స్టేషన్ వస్తది. లోపలికి పోయి కూసో. మేము వస్తున్నం.’

‘సరే ఆపా. వైఫై ఇక్కడి వరకే. పోతున్న,’ అని వచ్చింది. తర్వాత పేజీలు కదలలేదు.

హన్మమ్మ అప్పటికే చెప్పులు తొడుక్కుంటోంది. ఖదీర్ పక్క దుకాణంవాడి కారు తాళాలు అడగడానికి పరుగెత్తాడు. నుజహత్ సంచీ భుజానికి తగిలించుకుంది. శ్రీను మాత్రం కదలలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని, కొంచెం సేపు దాన్ని చూశాడు.

“ఆయనను ఎనుకకు తిప్పుత,” అన్నాడు. “నేను చెప్తె నమ్ముతడు. ఇప్పటిదాంక నేను ఆయన మనిషినే అనుకుంటుండు.”

నుజహత్ అతని ముఖం చూసింది. ఇన్నేళ్ళలో ఆ ముఖం మీద నవ్వు పూర్తిగా లేకపోవడం ఇదే మొదటిసారి. తల ఊపింది. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టమంది.

రెండు సార్లు మోగగానే బస్వరాజ్ ఎత్తాడు. వెనక బండి శబ్దం లేదు. గాలి హోరు లేదు. ఎక్కడో దగ్గరలో పూలమ్మే ఆమె కన్నడంలో పిలుస్తోంది.

“సేఠ్, పని అయింది,” అన్నాడు శ్రీను. గొంతు ఎక్కడా తడబడలేదు. “ఉత్తగ బీదర్ దాంక ఎందుకు పోతరు? పిల్ల ఖేడ్‌లనే దొరికింది. గీ దుకాణంలనే, నా ముందలనే కూసుంది. జల్దీ వాపస్ రాండ్రి.”

అవతల కారు తలుపు తెరుచుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత బస్వరాజ్ గొంతు, తొందర లేకుండా, దాదాపు మర్యాదగా.

“హౌదా, గట్లనా? మరి నా ముందల గేట్లకెంచి బయటికొస్తున్న గీ పిల్ల ఎవరు శ్రీనూ?”